వేట నిషేధానికి ముందు ఒక పూట: విశాఖ నుంచి చిన్న పడవలో మిత్రులతో లోతు నీటి వేట

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు, మరపడవలూ ఇంజను బిగించిన తెప్పలూ సముద్రంలో వేటాడకూడదు. కాబట్టి మత్స్యకారుల లెక్కలో ఏడాది ఏప్రిల్ 14తో ముగుస్తుంది. దానికి ముందు మార్చి మూడో వారం నుంచి ఉన్న మూడు నాలుగు వారాల కాలం, ఒడ్డున ఉద్యోగాలు చేసుకునే మిత్రబృందం ఒకటి అనుభవమున్న పడవవానితో కలిసి లోతు నీటికి వెళ్లి, గేలంతో వేటాడి, మధ్యాహ్నానికి ఇల్లు చేరడానికి అనువైనది. విశాఖపట్నం చేపల రేవు నుంచి 30 అడుగుల ఫైబర్ బోటులో నలుగురు మిత్రులు, ఇద్దరు పడవవాళ్లు వెళ్లే ప్రయాణాన్ని దృష్టిలో పెట్టుకుని ఈ సూచనలు రాస్తున్నాను. వీటన్నిటికీ మూలం ఒకటే: తిరుగుముఖం పట్టే గంటను ఒడ్డు మీదే ఖాయం చేసుకుని, తక్కిన ఏర్పాట్లన్నిటినీ అక్కడి నుంచి వెనక్కి లెక్కగట్టుకుంటూ రావాలి.

గాలి, నీరు, తిరుగు గంట

మార్చి చివరికి ఈశాన్యపు గాలులు తగ్గిపోతాయి, నైరుతి రుతుపవనం రావడానికి ఇంకా రెండు నెలలకు పైగా ఉంటుంది. తెల్లవారుజామున నేల మీది నుంచి సముద్రం వైపు వీచే పలుచని గాలి తప్ప మరేమీ ఉండదు కనుక, ఆ వేళ నీరు చాలా రోజులు నిలకడగా ఉంటుంది. ఎండ ముదిరే కొద్దీ గాలి దిక్కు మారి, పదకొండు గంటల ప్రాంతంలో దక్షిణం నుంచీ నైరుతి నుంచీ సముద్రపు గాలి మొదలై, ఒంటిగంట, రెండు గంటలకల్లా కురచగా, నిటారుగా లేచే అలలను పుట్టిస్తుంది. పెద్ద మరబోటుకు ఆ అలలు లెక్కలోకి రావు గానీ, అంచులు తక్కువ ఎత్తున్న ఫైబర్ బోటులో అలవాటు లేని నలుగురు కూర్చున్నప్పుడు అవి ప్రయాణాన్ని నరకం చేస్తాయి. పైగా ఏప్రిల్ మొదలయ్యాక మధ్యాహ్నం దాటితే తూర్పు కనుమల మీద మబ్బులు కమ్మి, ఉరుములు మెరుపులతో తీరం వైపు దిగి వచ్చే రోజులు ఉంటాయి. నడిసముద్రంలో పడవ మీద నిలబడిన మనిషి కంటే ఎత్తయిన వస్తువు చుట్టుపక్కల మరొకటి ఉండదన్నది గుర్తుంచుకోవలసిన విషయం.

అందువల్ల నేను సూచించే కాలపట్టిక ఇది. నాలుగు గంటలకు రేవు వదలాలి, ఆరు గంటలకు, అంటే ఈ రోజుల్లో ఇంచుమించు సూర్యోదయ వేళకు, వేట స్థలం చేరాలి. పది గంటలకు గేలాలు పైకి తీయాలి, పన్నెండు గంటలకు రేవులో ఉండాలి. పది గంటలకు చేపలు విరివిగా పడుతున్నా సరే, గేలాలు తీయవలసిందే. అప్పుడు తీయలేని బృందం పదకొండుకూ తీయలేదు.

ఈ కాలంలో తీరం వెంబడి నీరు సాధారణంగా నైరుతి నుంచి ఈశాన్యానికి, అంటే విశాఖ నుంచి భీమిలి, శ్రీకాకుళం వైపు సాగుతుంది. మధ్యాహ్నపు గాలి కూడా అదే వైపుకు తోస్తుంది. దీని నుంచి రెండు ఆచరణ సూత్రాలు పుడతాయి. మొదటిది, వెళ్లేటప్పుడు రేవుకు సూటిగా ఆగ్నేయానికి పోకుండా కొంత దక్షిణానికి వాలుగా వెళ్లి అక్కడి నుంచి వేట మొదలుపెడితే, వేటలో పడవ జరుగుతూ జరుగుతూ రేవుకు ఎదురుగా వస్తుంది, తిరుగు ప్రయాణంలో గాలికి ఎదురీదవలసిన పని తగ్గుతుంది. రెండోది, ఇంజను ఆగిపోతే మీరు ఉన్నచోట ఉండరు, ఈశాన్యానికి కొట్టుకుపోతూ ఉంటారు. కనుక సాయం కోరేటప్పుడు ఉన్న స్థానంతో పాటు ఏ దిక్కుకు ఎంత వేగంతో కొట్టుకుపోతున్నారో కూడా చెప్పాలి.

వెళ్లడమా మానడమా అన్నది ముందురోజు సాయంత్రం తేల్చుకోవాలి. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, అంటే ఇన్‌కాయిస్, అలల ఎత్తు, గాలి వేగం, ప్రవాహం వివరాలను తీర ప్రాంతాలవారీగా ఉచితంగా ఇస్తుంది. వాతావరణ శాఖ మత్స్యకారుల హెచ్చరికలను విడిగా ప్రకటిస్తుంది, విశాఖలోనే తుపాను హెచ్చరిక కేంద్రం ఉంది. బంగాళాఖాతంలో మార్చిలో అల్పపీడనాలు అరుదు. ఏప్రిల్‌లో వాటి మాట అంత ధీమాగా చెప్పలేము. ఓడరేవులో ఏ నంబరు హెచ్చరిక ఎగరవేసినా, ఒకటో నంబరైనా సరే, ఆ రోజుకు ప్రయాణం మానుకోవడమే సరి. హెచ్చరికలేవీ లేకపోయినా, చిన్న పడవలో కొత్తవాళ్లతో వెళ్లేటప్పుడు అలల ఎత్తు మీటరు దాటుతుందని అంచనా ఉంటే నేను వాయిదాకే ఓటు వేస్తాను. పడవవాళ్లు అంతకు రెట్టింపు అలల్లోనూ వెళ్తారు, కానీ వాళ్లకు అది బతుకుతెరువు.

పడవవానితో మాట్లాడవలసినవి

వేట పడవలో మత్స్యకారులు కానివాళ్లు ఎక్కడం గురించి మత్స్యశాఖ కార్యాలయంలోనూ మెరైన్ పోలీసు స్టేషనులోనూ ముందే అడిగి, అనుమతి విషయం తేల్చుకోవాలి. కుదరదంటే, ప్రయాణికులను తీసుకెళ్లే లైసెన్సు ఉన్న బోటును చూసుకోవాలి. పడవకు రిజిస్ట్రేషను ఉండాలి, ఆ నంబరు పడవ పక్కన స్పష్టంగా రాసి ఉండాలి, వేట లైసెన్సు కాలం తీరి ఉండకూడదు. పడవలో ఉన్న ప్రతి ఒక్కరి దగ్గర ఆధార్ వంటి గుర్తింపు కార్డు, తడవని సంచిలో, ఉండాలి. విశాఖ తూర్పు నౌకాదళ కేంద్రం కావడంతో కోస్ట్‌గార్డు, మెరైన్ పోలీసులు పడవను ఆపి అడగడం మామూలే. నౌకాదళ ఓడల ఛాయలకు పోవడం, వాటిని ఫొటోలు తీయడం, సరదాకు డ్రోను ఎగరవేయడం వంటివి తలపెట్టవద్దు.

డబ్బు మాట ఒడ్డు మీదే పూర్తి కావాలి. ఇంధనం ఎవరిది, ఐసు ఎవరిది, పడవవాళ్ల కూలి ఎంత, పడిన చేపలో వాళ్ల వాటా ఎంత అన్నవన్నీ ముందే అనుకోవాలి. వీటికి తోడు చాలామంది అనుకోని అంశం ఒకటి ఉంది: పడవవాడు తెల్లవారుజామున నీటిని చూసి ‘ఈ రోజు వద్దు’ అంటే, అతనికి సగం కూలి ఇస్తామని ముందే మాటివ్వాలి. వేట చివరి వారాల్లో, రెండు నెలల ఖాళీ ఎదురుగా కనిపిస్తున్నప్పుడు, ఒక రోజు ఆదాయం పోగొట్టుకోవడం ఎవరికైనా కష్టమే. వద్దన్నందుకు నష్టం లేదని తెలిస్తేనే అతను నిర్మొహమాటంగా వద్దనగలుగుతాడు. అలాగే నీటి మీద అతని మాటే చివరి మాట అన్నది మిత్రులందరి ముందు ఒకసారి పైకి అనుకోవాలి. ఆఫీసులో ఎవరి హోదా ఏదైనా, పడవలో సరంగు, అంటే పడవను నడిపే పెద్ద, ఒక్కడే.

ఈ కాలపు పడవలకు ప్రత్యేకమైన బలహీనత ఒకటి ఉంటుంది. నిషేధంలో పడవలను ఒడ్డుకు లాగి ఇంజను విప్పి బాగుచేయించడం ఆనవాయితీ కాబట్టి, మార్చి, ఏప్రిల్ నాటికి ఇంజను పది నెలలుగా నడిచి అలసి ఉంటుంది. ‘ఎలాగూ వచ్చే నెల విప్పుతాం కదా’ అని చిన్న చిన్న మరమ్మతులు వాయిదా వేసే కాలం కూడా ఇదే. కనుక ముందురోజు రేవులో కనీసం ఇరవై నిమిషాలు పడవను నడిపించి చూడమని మర్యాదగా అడగండి. ఇంజను వెనక నుంచి చల్లార్చే నీరు తెగకుండా ధారగా వస్తున్నదా, వేడెక్కాక ఆపి మళ్లీ తిప్పితే వెంటనే అందుకుంటున్నదా, ఇంధనపు గొట్టం పగుళ్లు లేకుండా ఉన్నదా అన్నవి చూడాలి. మారు స్పార్క్ ప్లగ్గులు, మారు ఇంధన వడపోత, స్టార్టరు తాడు, నీటిలో తిరిగి పడవను తోసే పంకా దగ్గరి పిన్ను, వీటిని బిగించడానికి కావలసిన పానాలు పడవలోనే ఉండాలి. వీటితో పాటు తెడ్లు, నీరు తోడే డబ్బా, లంగరు కావాలి. లంగరుకు తాడు నీటి లోతుకు కనీసం మూడింతలు ఉండాలి గనుక, 30 మీటర్ల లోతులో నిలవాలంటే 90 మీటర్ల తాడు కావాలి. లోతు నీటిలో లంగరు పనికిరాకపోయినా, ఒడ్డుకు దగ్గరలో ఇంజను ఆగితే అలలు విరిగే చోటికి కొట్టుకుపోకుండా కాపాడేది అదే.

ఇసుక ఒడ్డు నుంచి అలలను దాటుకుంటూ బయటికి వెళ్లే పద్ధతి పూడిమడక, ముక్కాం వంటి ఊళ్ల పడవవాళ్లకు చిన్ననాటి విద్య. కొత్తవాళ్లు అలాంటి చోటి నుంచి బయలుదేరడం నాకు సమ్మతం కాదు. ఒడ్డు దగ్గర విరిగే అలలో పడవ అడ్డం తిరిగితే నడిసముద్రంలో కంటే ప్రమాదం ఎక్కువ. రేవు నుంచి బయలుదేరితే ఆ గండం ఉండదు.

ఇంధనం

చిన్న ఫైబర్ బోటు గంటకు 7 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 13 కిలోమీటర్లు పోతుందనుకుందాం. 25 కిలోమీటర్ల దూరానికి రెండు గంటలు పడుతుంది. ఇంజను పూర్తి వేగంలో గంటకు 4 లీటర్లు తాగితే పోవడానికి 8, రావడానికి 8, నాలుగు గంటలు మెల్లగా తిరుగుతూ గేలం లాగడానికి గంటకు 2 లీటర్ల చొప్పున మరో 8, మొత్తం 24 లీటర్లు. దానికి సగం, అంటే 12 లీటర్లు కలిపి 36 లీటర్లతో బయలుదేరాలి. అప్పుడు తీసుకెళ్లినదానిలో మూడో వంతు ముట్టుకోకుండా ఒడ్డుకు తిరిగి వస్తుంది. మీ ఇంజను ఎంత తాగుతుందో పడవవాడిని అడిగి ఈ అంకెలు మార్చుకోండి, మూడో వంతు నియమాన్ని మాత్రం మార్చుకోవద్దు. ఆ అదనపు ఇంధనాన్ని వేరే డబ్బాలో, వేరే చోట కట్టి ఉంచాలి. ఒక డబ్బాలో నీరు కలిసినా రెండోది ఆదుకుంటుంది.

ఒంటి మీద ఉండవలసినవి, ఒడ్డున ఉండవలసినవాడు

లైఫ్ జాకెట్టు ఒంటి మీద ఉండాలి. కూర్చునే పలక కింద దాచిపెట్టిన జాకెట్టు వల్ల ఉపయోగం లేదు. ఈత వచ్చినవాళ్లే దాన్ని విప్పేస్తామని పేచీ పెడతారు. తలకు దెబ్బ తగిలి నీళ్లలో పడ్డవాడికి ఈత గుర్తుండదని వాళ్లకు చెప్పండి.

సమాచార సాధనాల్లో పడవలూ ఓడలూ మాట్లాడుకునే వీహెచ్ఎఫ్ రేడియో అన్నిటికన్నా నమ్మదగినది. ఆపదలో పిలవవలసిన చానల్ 16. ఇస్రో రూపొందించిన ఉపగ్రహ ఆపద సంకేత యంత్రం పడవలో ఉంటే అది ఎక్కడుందో, ఏ మీట నొక్కాలో నలుగురికీ తెలిసి ఉండాలి. మొబైల్ ఫోను ఒడ్డుకు దగ్గరలో పనిచేస్తుంది, దూరం పోయే కొద్దీ దాన్ని నమ్ముకోకూడదు. అయినా కోస్ట్‌గార్డు రక్షణ సాయం నంబరు 1554, తీర భద్రత నంబరు 1093 ఫోనులో పెట్టుకోండి. ఫోనుకు సిగ్నలు లేకపోయినా అందులోని జీపీఎస్ పనిచేస్తుంది గనుక, తీరపు పటాన్ని ముందే దింపుకుంటే స్థానం తెలుస్తుంది.

ఒడ్డున ఒక మనిషిని నియమించుకోవడం వీటన్నిటితో సమానమైన పని. పడవ నంబరు, ఎక్కినవాళ్ల పేర్లు, వెళ్లే దిక్కు, దూరం, తిరిగి రావలసిన గంట ఒక కాగితం మీద రాసి ఇంట్లోవాళ్లకో, రాని మిత్రుడికో ఇవ్వాలి. పన్నెండుకు రావలసిన పడవ రెండు గంటలకు కూడా రాకపోతే, ఫోను అందకపోతే, 1554కు ఫోను చేయమని స్పష్టంగా చెప్పాలి. ‘కాస్త చూసి చేయి’ అని చెబితే ఆ మనిషి సాయంత్రం దాకా చూస్తూనే ఉంటాడు.

కడుపు సంగతి

మొదటిసారి వెళ్లేవాళ్లలో ఎవరో ఒకరికి వాంతులు కావడం దాదాపు ఖాయం. ముందురోజు రాత్రి బిర్యానీలు, మద్యం మానేసి, ఎనిమిది గంటలు కాకపోయినా ఆరు గంటలైనా నిద్రపోవాలి. కడుపు తిప్పకుండా వేసుకునే మాత్రను పడవ ఎక్కడానికి ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే లోపల నిలవదు. ఈ మాత్రల్లో చాలావాటికి మగత వస్తుంది గనుక, ఏది ఎంత వేసుకోవాలో వైద్యుడిని అడిగి, ఒకసారి సెలవు రోజున ఇంట్లో వేసుకుని చూడటం తెలివైన పని. ఖాళీ కడుపుతో వెళ్లకూడదు: రెండు ఇడ్లీలు, లేదా అల్లం ముక్క నంజుకుని చద్దన్నం చాలు. పడవలో ఇంజను పొగ తగలని చోట, మధ్యకు, కింది భాగంలో కూర్చుని దూరంగా ఆకాశపు అంచును చూస్తూ ఉండాలి. ఫోను తెరను చూడటం, వంగి ముళ్లు వేయడం తిప్పటాన్ని పెంచుతాయి, కాబట్టి గేలాలన్నీ ముందురోజే కట్టి సిద్ధం చేసుకోవాలి.

ఒక్కొక్కరికి మూడు, నాలుగు లీటర్ల మంచినీరు తీసుకెళ్లాలి. నిండు చేతుల నూలు చొక్కా, మెడను కప్పే టోపీ, నీటి మెరుపును ఆపే కళ్లద్దాలు అవసరం. ఒక పెద్ద ఫ్లాస్కులో వేడినీళ్లు కూడా పెట్టుకోండి. అవి టీకి మాత్రమే కాదు, కారణం కిందకు వస్తుంది.

చీకట్లో రేవు దాటడం

తెల్లవారుజామున రేవు నోటి దగ్గర వచ్చే పోయే పడవల రద్దీ ఎక్కువ. మీ పడవకు ముందు వైపు ఎరుపు, ఆకుపచ్చ దీపాలు, అన్ని వైపులకూ కనిపించే తెల్ల దీపం వెలగాలి. పడవ ముందు భాగంలో టార్చిలైటుతో ఒకరు కూర్చుని, తేలే బెండ్లను, వలల దీపాలను చూస్తూ ఉండాలి. తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు ఉన్న నీరు చట్టప్రకారం సంప్రదాయ వేటగాళ్లకు కేటాయించినది. అక్కడ రాత్రి వేసిన వలలు తెల్లవారే దాకా ఉంటాయి. వల మీదుగా పోతే మీ పంకాకు చుట్టుకోవడం ఒక నష్టం, ఒకరి నెలల సంపాదన తెగిపోవడం అంతకు మించిన నష్టం. రేవుకు ఎదురుగా లంగరు వేసి ఉన్న సరుకు ఓడల మధ్య నుంచి పోవలసివస్తే, కదులుతున్న ఓడకు ముందు నుంచి ఎప్పుడూ దాటకూడదు. దాని వెనకగానే దాటాలి. అంత పెద్ద ఓడ మిమ్మల్ని చూసినా ఆగలేదు, తిరగలేదు.

వెలుతురు వచ్చాక ఒకసారి వెనక్కి తిరిగి డాల్ఫిన్ నోస్ కొండను, దాని మీది దీపస్తంభాన్ని, ఉత్తరాన కైలాసగిరిని, వాటి వెనక సింహాచలం కొండల వరుసను చూసి పెట్టుకోండి. పాతకాలపు పడవవాళ్లు రెండు కొండ గుర్తులను ఒకే గీత మీదికి తెచ్చుకుని, మరో దిక్కున ఇంకో జత గుర్తులను కలుపుకుని, ఆ రెండు గీతలు కలిసే చోటును వేట స్థలంగా గుర్తుపెట్టుకునేవారు. జీపీఎస్ లేకుండానే ఏళ్ల తరబడి అదే బండ మీద గేలం దించగలిగేవారు. ఏప్రిల్ మబ్బుమసకలో కొండలు కనిపించని రోజు ఉంటుంది. తీరం ఇక్కడ నైరుతి నుంచి ఈశాన్యానికి వాలి ఉంది కాబట్టి, దిక్సూచిలో వాయవ్యం పట్టుకుని వస్తే తీరం తగలక తప్పదు. ఈ ఒక్క విషయం పడవలో అందరికీ తెలిసి ఉండాలి.

చేప ఎక్కడ ఉంటుంది

ఇన్‌కాయిస్ ఇచ్చే చేపల లభ్యత సమాచారం ఉపగ్రహాలు చూసిన నీటి ఉష్ణోగ్రత, నీటిలోని పచ్చదనం ఆధారంగా తయారవుతుంది. చల్లని నీరు, వెచ్చని నీరు కలిసే అంచుల దగ్గర నాచు పెరుగుతుంది, దాన్ని తినడానికి చిన్న చేప, చిన్న చేపను తినడానికి పెద్ద చేప చేరుతాయి. రేవు నుంచి ఏ దిక్కున, ఎంత దూరంలో, ఎంత లోతులో అన్న వివరాలు అందులో ఉంటాయి. మబ్బులు కమ్మిన రోజుల్లోనూ నిషేధ కాలంలోనూ అది రాదు. మీ 25 కిలోమీటర్ల పరిధిలో ఆ అంచు ఉంటే అటు వెళ్లండి, లేకపోతే దాని కోసం పరిధి దాటవద్దు.

అక్కడికి చేరాక కళ్లకు పని చెప్పాలి. ఆకుపచ్చ నీరు నీలంగా మారే గీత, నురుగూ చెత్తా వరుసగా తేలే చోటు, పక్షులు ఒక్కసారిగా మూకుమ్మడిగా నీళ్లలోకి దూకే చోటు, కవళ్లు, కానాగంతలు వంటి చిన్న చేపలు వానచినుకుల్లా నీటిని చిమ్మే చోటు, ఇవీ గుర్తులు. అలాంటి గుంపు కనిపించగానే దాని నడుమకు పడవను తోలడం కొత్తవాళ్ల ఉత్సాహం. అలా చేస్తే గుంపు కిందికి దిగిపోతుంది. గుంపు అంచును ఆనుకుని, చుట్టూ తిరుగుతూ, గేలాలు మాత్రం దాని అంచు గుండా పోయేలా పడవను నడపాలి. పడవవాళ్లు లోతును బారల్లో చెబుతారు. బార అంటే ఇంచుమించు 1.8 మీటర్లు, కనుక ‘ఇరవై బారలు’ అంటే 36 మీటర్లు.

గేలం లాగడం

ఈ కాలంలో చిన్న పడవకు అందే చేపల్లో అందరూ ఆశపడేది కోనెం, దక్షిణ జిల్లాల్లో వంజరం అనేది. దానితో పాటు సూర (ట్యూనా), పార తగులుతాయి. ఇవన్నీ పరుగెత్తే ఎరను వెంటాడే చేపలు కాబట్టి, పడవను నడుపుతూ వెనక గేలం లాగడమే మొదటి పద్ధతి. కోనెం పళ్లు కత్తెరలా పనిచేస్తాయి. ఎంత లావు తంగూసైనా, అంటే గేలానికి కట్టే నైలాన్ తాడైనా, దానికి దారమే. గేలానికి, తంగూసుకు మధ్య జానెడు నుంచి మూరెడు ఉక్కుతీగ తప్పనిసరి. తీగ మెరిస్తే చేప అనుమానిస్తుంది కనుక ముదురు రంగు తీగను ఎంచుకోవాలి. తీగకు, తంగూసుకు మధ్య స్వివెల్, అంటే తనలో తాను తిరిగే చిన్న లోహపు కొలికి, పెడితే తంగూసు మెలిపడదు.

నలుగురు ఉన్నారని నాలుగు గేలాలు వేయవద్దు. 30 అడుగుల పడవ వెనక రెండు చాలు, బాగా అలవాటుంటే మూడు. ఒకటి 15 మీటర్ల వెనక, రెండోది 30 మీటర్ల వెనక ఉంటే మలుపుల్లో చిక్కుపడవు. మిత్రులు అరగంటకొకసారి వంతులు మార్చుకోవాలి. కృత్రిమ ఎర కట్టినప్పుడు గంటకు 8 నుంచి 10 కిలోమీటర్ల వేగం బాగుంటుంది, చచ్చిన కానాగంతను కట్టి లాగుతుంటే అందులో సగం చాలు. ఎర నీటిలో గిరగిరా తిరగకుండా, ఈదుతున్నట్టు పోతున్నదో లేదో పడవ పక్కన ఒకసారి చూసి వదలాలి. ఎక్కువ సేపు ఏమీ తగలకపోతే ముందు వేగం మార్చండి, తరువాత ఎర దూరం, ఆ తరువాతే ఎరను మార్చండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేసి సంచిలోని రంగురంగుల ఎరలన్నిటినీ తడుపుతారు.

చేప తగలగానే ఒకరు ‘పడింది’ అని అరవాలి, సరంగు వేగం తగ్గించాలి గానీ పూర్తిగా ఆపకూడదు. తంగూసు వదులైతే గేలం ఊడిపోతుంది. తక్కిన గేలాన్ని మిగిలినవాళ్లు వెంటనే పైకి లాగేయాలి. రీలు ఉన్నవాళ్లు చేప పరుగెత్తినంతసేపు పరుగెత్తనివ్వాలి, ఆగినప్పుడు చుట్టాలి. చేతి తంగూసుతో లాగేవాళ్లు దాన్ని అరచేతికి చుట్టుకోవడం ఏ పరిస్థితిలోనూ చేయకూడదు. పెద్ద సూర ఒక్క గుంజుతో వేలి ఎముక దాకా కోసేస్తుంది. చేతి తొడుగులు వేసుకుని, వేళ్ల మధ్య నుంచి జారనిస్తూ పట్టుకోవాలి. లాగిన తంగూసు కాళ్ల దగ్గర కుప్పపడకుండా రెండోవాడు బుట్టలో చుట్టుకుంటూ ఉండాలి.

చేప పడవ పక్కకు వచ్చినప్పుడు అందరూ ఒకే పక్కకు వంగితే పడవ ఒరుగుతుంది. ఒక్కరే కొక్కెంతో తల దగ్గర పొడిచి లోపలికి లాగాలి, మిగిలినవాళ్లు అవతలి పక్క కూర్చోవాలి. లోపలికి వచ్చిన కోనెం నోట్లో చెయ్యి పెట్టకుండా, తలపై కర్రతో కొట్టి నిశ్చలం చేసి, పొడవాటి పట్టకారుతోనే గేలం తీయాలి. కొమ్ముకోనెం తగిలితే నా సలహా ఒక్కటే: దాని కొమ్మును, బలాన్ని చిన్న పడవలోకి తెచ్చుకోవద్దు, పడవ పక్కనే ఉక్కుతీగను కోసి వదిలేయండి.

ఎనిమిది దాటి ఎండెక్కి పైనీటి చేప మందగిస్తే, బండలున్న చోట ఇంజను తగ్గించి, సీసపు గుండు కట్టి అడుగుకు గేలం దించవచ్చు. ఇక్కడే జెల్లలు, టేకు చేపలు కూడా పడతాయి. జెల్ల రెక్క ముల్లు, టేకు తోక ముల్లు విషపూరితం. గుచ్చుకున్న చోటును చర్మం ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో, కాలకుండా, అరగంట నుంచి గంటన్నర వరకు ముంచి ఉంచితే నొప్పి బాగా తగ్గుతుంది. ఫ్లాస్కు ఇందుకే. వేడిని గుచ్చుకోని చేత్తో ముందు చూసుకోవాలి, ఒడ్డుకు రాగానే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇది సముద్ర తాబేళ్లు ఒడ్డున గుడ్లు పెట్టే కాలం కూడా. తాబేలు, తిమింగల సొర, డాల్ఫిన్ వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పూర్తి రక్షణ ఉన్న ప్రాణులు. తాబేలు పైకి తేలి కనిపిస్తే గేలాలు దూరంగా మళ్లించాలి, తగులుకుంటే లాగకుండా దగ్గరకు తెచ్చి గేలానికి వీలైనంత దగ్గరగా తంగూసు కోయాలి. కోనెం ఇంచుమించు 70 సెంటీమీటర్లు పెరిగితే గాని గుడ్లు పెట్టే వయసుకు రాదు. అంతకన్నా చాలా చిన్నది బతికి ఉండగా వదిలేస్తే, దాని ఖరీదు మిత్రబృందానికి లెక్కలోది కాదు.

ఐసు, తిరుగు ప్రయాణం, పంపకం

సూర, కోనెం, కానాగంత వంటి చేపలు ఎండలో గంట, రెండు గంటలు పడి ఉంటే వాటిలో హిస్టమిన్ పెరుగుతుంది. అది ఎంత ఉడికించినా పోదు, తిన్నవాళ్లకు ముఖం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు, వాంతులు వస్తాయి. కాబట్టి చేప పైకి వచ్చిన ఐదు నిమిషాల్లో మొప్పల దగ్గర కోసి రక్తం పోనిచ్చి, పేగులు తీసి, ఐసులో పెట్టాలి. కిలో చేపకు కిలో ఐసు లెక్క. పొడిచేసిన ఐసులో కొంచెం సముద్రపు నీరు కలిపితే చేప అన్ని వైపులా చల్లబడుతుంది. 20 కిలోల చేప పడుతుందని ఆశపడేవాళ్లు 20 కిలోల ఐసు తీసుకెళ్లాలి, మంచినీళ్ల సీసాలకు వేరే పెట్టె పెట్టుకోవాలి.

పది గంటలకు గేలాలు చుట్టి, పడవలో జారే రక్తం, నీరు కడిగేసి, బరువంతా మధ్యకు, వెనకకు సర్దుకుని బయలుదేరాలి. అలలు వెనక నుంచి వస్తుంటే పడవ అల మీద జారి ముందుకు దూకకుండా సరంగు వేగాన్ని అలతో సరిచూసుకుంటాడు. ఆ సమయంలో నిలబడటం, ఫొటోలకు ముందు భాగానికి పోవడం కూడదు. ఎవరైనా నీళ్లలో పడితే చూసిన మొదటివాడు చూపు తిప్పకుండా వేలు చూపిస్తూనే ఉండాలి, రెండోవాడు తేలే వస్తువేదైనా విసరాలి, సరంగు తిప్పి వచ్చి, మనిషి దగ్గరకు చేరేసరికి పంకా ఆపాలి.

రేవులో దిగాక ముందు ఒడ్డున ఉన్న మనిషికి ఫోను చేసి చేరామని చెప్పాలి. తరువాత పడవవాళ్ల వాటా ముందుగా తీసి, మిగిలినది మిత్రుల సంఖ్యకు పాళ్లు వేసుకోవాలి. ఒకరికి తల, ఒకరికి తోక రాకుండా కోనేన్ని అడ్డంగా ముక్కలు కొట్టి పంచుకోవడం మేలు. తల మీద పోటీ ఉంటే చీటీ వేసుకోండి, పులుసుకు దానికి సాటి లేదు. గేలాలు, రీళ్లు, పట్టకారు, కొక్కెం మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి, పలుచగా నూనె రాసి దాచాలి. ఉక్కుతీగలను మాత్రం పారేసి కొత్తవి కట్టుకోవడం నయం, ఒకసారి మెలికపడిన తీగ మళ్లీ అక్కడే తెగుతుంది. జూన్ 15న నిషేధం తీరుతుంది గానీ అప్పటికి నైరుతి గాలులు ముమ్మరంగా ఉంటాయి. అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. మన వంటి సెలవు రోజుల వేటగాళ్లు తరువాతి ప్రయాణానికి జనవరి దాటిన తరువాతి రోజులను చూసుకుని, పడవవానితో ఆ మాట రేవులోనే అనుకుని రావచ్చు.